ఖాళీగా తిరిగెళ్ళిన బాక్సు

రావులపాలెంలో కాలవ పక్కనున్న ఆ ప్రైవేటు ఎలిమెంటరీ స్కూల్లో పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లులు, ఫీజు సంగతి మాట్లాడుకున్నాక తప్పకుండా ఒక మాట అడిగేవారు.

"మధ్యాహ్నం అన్నం పెద్దింట్లమ్మే తినిపిస్తుందా అండి?"

హెడ్మిస్ట్రెస్ నాగరత్నం గారు నవ్వి, "ఆవిడే అండి. మీరేం బెంగ పెట్టుకోకండి," అనేవారు.

పెద్దింట్లమ్మ ఆ స్కూల్లో ఆయా. యాభై దాటిన మనిషి. పుట్టింది కొల్లేటి పక్క పల్లెలో. అక్కడి అమ్మవారి పేరే పెట్టారు. పెళ్ళయి గోదావరి పాయల మధ్యనున్న లంకలోకి వచ్చింది. భర్త వెంకన్న అరటి మార్కెట్టులో లారీలకి గెలలెత్తుతాడు. ఆమె కూడా చాలా ఏళ్ళు అరటితోటల్లో కూలికి వెళ్ళింది. ఒక్కతే కూతురు, హారతి. ఆ పిల్ల చిన్నప్పుడు పొద్దున్నే బడికి పోయి, మధ్యాహ్నం బడిలోనే తిని, సాయంత్రం ఇంటికొచ్చేది. తన బిడ్డ మధ్యాహ్నం పూట ఏం తిందో, ఎంత తిందో పెద్దింట్లమ్మ ఒక్కనాడూ కళ్ళతో చూసింది లేదు. హారతికి పెళ్ళయి మండపేట వెళ్ళిపోయాక, నడుం నొప్పితో తోటపని మానేసి ఈ స్కూల్లో చేరింది. చేరిన కొత్తలో ఎవరో పసివాడికి మొదటి ముద్ద నోట్లో పెడుతుంటే ఆమెకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో ఎవరికీ చెప్పలేదు.

అన్నం తినిపించడంలో ఆమెకి మంచి ఓర్పు. ఒకడికి ముద్ద చిన్నగా ఉండాలి. ఒకత్తికి పప్పు, అన్నం విడివిడిగా పెట్టాలి. ఇంకొకడు కథ చెబితే గాని నోరు తెరవడు. వాడికోసం లంకలోకి ఈదుకుంటూ వచ్చిన కోతి కథ ఒకటి కల్పించింది. ఆ కోతి రోజుకో తోటలో పడేది, రోజుకో కాపలావాడికి దొరికేది. కథ అయ్యేసరికి బాక్సు ఖాళీ అయ్యేది. ఆ రోజుల్లో ఆ బాక్సులు నిజంగానే ఖాళీ అయ్యేవి.

తర్వాత స్కూలు పెరిగింది. పిల్లలు పెరిగారు. ఆయాలు మాత్రం ఇద్దరే. సిలబస్ అవడం లేదని లంచ్ టైము కుదించారు. చేతులు కడుక్కుని, చాపల మీద కూర్చుని, మూతలు తీసేసరికే సగం టైము గడిచిపోయేది. అప్పుడే నాగరత్నం గారు "హెల్తీ లంచ్" మొదలుపెట్టారు. ఆవిడ ఉద్దేశం మంచిదే. పిల్లలు చిప్సూ నూడుల్సూ తెచ్చుకుని కడుపునొప్పని క్లాసులో పడుకుంటున్నారు. వాటన్నిటినీ గేటు దగ్గరే ఆపేశారు. వారానికి సరిపడా చార్టు వేసి తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొర్రల పులిహోర, రాగి దోశ, మొలకలు, ఆకుకూర పప్పు. పదకొండింటికి స్నాక్స్ కింద క్యారెట్ ముక్కలో జామకాయో ఖర్జూరమో. బాక్సు ఖాళీ చేసిన పిల్లలకి సాయంత్రం చేతిమీద నక్షత్రం స్టాంపు.

"ఏ బాక్సూ నిండుగా వెనక్కి వెళ్ళకూడదు పెద్దింట్లమ్మా. తల్లులు ఫోన్లు చేసి నన్ను తినేస్తున్నారు," అని ఆవిడ ఆయాలిద్దరికీ చెప్పారు.

భానుతేజ అప్పుడు రెండో తరగతిలోకి వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద ఎలక్ట్రికల్ సామాన్ల షాపున్న సుధాకర్ గారి కొడుకు. పెద్ద కళ్ళు, సన్నటి మెడ, నెమ్మది మనిషి. బూటు లేసు కట్టుకోవాలన్నా, బొమ్మకి రంగు వేయాలన్నా పది మంది పిల్లలు అయిపోయాక వాడు మొదలుపెట్టేవాడు. అన్నమూ అంతే. ముద్ద నోట్లో పెట్టుకుని బుగ్గన ఉంచుకుని, గోడమీద చీమల్ని చూస్తూ కూర్చునేవాడు. కొర్రలు చల్లబడితే పొడిపొడిగా అయిపోయి గొంతుకి అడ్డం పడేవి. "నీళ్ళు," అనేవాడు. నీళ్ళతో సగం కడుపు నిండిపోయేది. గంట కొట్టేసేవారు.

మొదట్లో పెద్దింట్లమ్మ నిజమే చెప్పింది. ఒక సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ ప్రసన్నలక్ష్మి గారితో, "ఇవాళ సగం కూడా తినలేదమ్మగారూ," అంది.

ప్రసన్నలక్ష్మి తెల్లవారకముందే లేచి ఆ పులిహోర చేసింది. అత్తగారు అచ్చాయమ్మ గారికి పూజకి అన్నీ అమర్చి, షాపులో భర్తకి సాయంగా కూర్చుని, అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ అలసటంతా ఒక్కసారి పైకి వచ్చేసింది.

"ఏరా, నీకోసం పొద్దున్నే లేచి చస్తున్నాను, తినడానికేంట్రా నీకు?" అని అందరి ముందూ వాడి వీపు మీద ఒకటేసింది. గట్టి దెబ్బేం కాదు. కాని వాడి స్నేహితులందరూ చూస్తున్నారు. వాడు ఏడవలేదు, తల వంచుకుని స్కూటీ ఎక్కాడు.

మర్నాడు నాగరత్నం గారు పిలిచారు. "ప్రసన్నలక్ష్మి గారు ఫోన్ చేశారు. నీమీద నమ్మకంతోనే కదా పంపిస్తున్నారు? చూసుకో మరి," అన్నారు.

ఆ మధ్యాహ్నం వాడు పెద్దింట్లమ్మ కొంగు పట్టుకుని చెవి దగ్గరికొచ్చాడు. పేరు పొడుగని పిల్లలందరూ ఆమెని పెద్దమ్మా అనేవారు.

"పెద్దమ్మా, తిన్నానని చెప్పవా? అమ్మ మళ్ళీ కొడుతుంది."

"రేపు తింటావా మరి?"

"తింటా."

మిగిలింది స్టీలు బకెట్టులోకి వంచేసి, బాక్సు కడిగి బ్యాగులో పెట్టింది. సాయంత్రం గేటు దగ్గర, "తినేశాడమ్మగారూ," అంది. ప్రసన్నలక్ష్మి మొహం వెలిగిపోయింది. కొడుకు జుట్టు నిమిరింది. వాడి చేతిమీద నక్షత్రం ఉంది. అందరూ సంతోషంగా ఇంటికి వెళ్ళారు. ఇందులో తప్పేముందనిపించింది పెద్దింట్లమ్మకి.

మర్నాడు వాడు తినలేదు. ఆ మర్నాడూ తినలేదు. ఆమె మాత్రం రోజూ అదే మాట చెబుతూ వచ్చింది. ఒక్క భానుతేజకే కాదు. తినని పిల్లలందరికీ అదే మాట అలవాటైపోయింది. బకెట్టులో పడినదంతా సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళి కోళ్ళకి వేసేది. జీడిపప్పు పలుకులు, మొలకలు, నెయ్యి వాసనేసే కొర్రలు. కోళ్ళు నిగనిగలాడుతూ బలిశాయి. "ఏం పెడుతున్నావేంటే వీటికి?" అని పక్కింటావిడ అడిగితే, "స్కూల్లో మిగిలిందే," అని నవ్వేసింది.

ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకి తెలీదు. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాడు కదా అని ప్రసన్నలక్ష్మి రాత్రిపూట వాణ్ణి బలవంతపెట్టడం మానేసింది. హోంవర్కు చేస్తూనే వాడు నిద్రకి తూగేవాడు. నాలుగు ముద్దలు తిని పడుకుండిపోతే, "పోన్లే, మధ్యాహ్నం బాగా తిన్నాడుగా," అనుకునేది. పెద్దింట్లమ్మ చెప్పిన మాట వాడి రాత్రి అన్నాన్ని కూడా తీసేసింది.

దసరా సెలవుల ముందు స్కూల్లో హెల్త్ చెకప్ పెట్టారు. పిల్లల్ని వరసగా బరువు తూచారు. భానుతేజ పొడుగు మాత్రం పెరిగాడు. బరువు కిందటేడు కంటే తగ్గింది. ప్రసన్నలక్ష్మి కంగారుపడి ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నులిపురుగులకి మందిచ్చారు. తర్వాత టానిక్కు. తర్వాత మరో టానిక్కు. ఏదీ పనిచేయలేదు.

ఒకరోజు ఆమె స్కూలు గేటు పక్కకి పెద్దింట్లమ్మని పిలిచింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నీ దగ్గర నాటుకోళ్ళున్నాయటగా?"

"ఉన్నాయండి."

"మా ఇంట్లో గుడ్డు గడప దాటదు. మా అత్తగారికి తెలిస్తే ఆ వంటింట్లో మళ్ళీ నీళ్ళు కూడా ముట్టరు. కాని వీడు చూడు ఎలా అయిపోతున్నాడో. డాక్టరుగారు గుడ్డు పెట్టి చూడమన్నారు. నువ్వు ఇంటి దగ్గర ఉడకబెట్టి తెచ్చి, మధ్యాహ్నం అన్నంతో పాటు పెట్టేస్తావా? మా ఆయనకి కూడా చెప్పలేదు. నీకే చెబుతున్నాను."

అలా అంటున్నప్పుడు ప్రసన్నలక్ష్మి మొహం చిన్నదైపోయింది. పుట్టింట్లో గాని మెట్టినింట్లో గాని ఏనాడూ చేయని పని అది. ఆ కోళ్ళు ఏం తిని గుడ్లు పెడుతున్నాయో పెద్దింట్లమ్మకి తెలుసు కదా. అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? నిన్న మానేశాడని చెబితే మొన్నటి సంగతి అడుగుతారు. మొన్నటిది చెబితే జూన్ దాకా వెళ్ళాలి.

"తెస్తానమ్మగారూ," అంది.

మర్నాడు గుడ్డు ఉడకబెట్టి, ఉప్పూ మిరియప్పొడీ చల్లి తెచ్చింది. ఇది తింటే చాలు, బిడ్డ కోలుకుంటాడు, తన తప్పు కూడా ఎవరికీ తెలీకుండా మాసిపోతుంది అని ఎంతో ఆశపడింది. వాడు వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. బతిమాలింది. కోతి కథ చెప్పింది. వాడు నోరు బిగించేశాడు.

ఆ గుడ్డు బకెట్టులో వేయడానికి ఆమెకి చేతులు రాలేదు. కొంగులో కట్టుకుని తీసుకెళ్ళి ఇంటి వెనక కూర్చుని తనే తింది. సాయంత్రం గేటు దగ్గర ప్రసన్నలక్ష్మి మాటతో కాక కళ్ళతోనే అడిగితే, తల ఊపి వచ్చిన మనిషి ఆమె.

దీపావళి వెళ్ళాక రాజమండ్రిలో పిల్లల కడుపు జబ్బుల డాక్టరుకి చూపించారు. ఆయన తొందరపడే మనిషి కాదు. పొద్దున్న ఏం తింటాడు, మధ్యాహ్నం ఏం తింటాడు అని వరసగా అడిగారు. ప్రసన్నలక్ష్మి చార్టులో ఉన్నదంతా చెప్పింది. బాక్సు రోజూ ఖాళీగా వస్తుందని చెప్పింది. డాక్టరుగార్ని పక్కకి పిలిచి గుడ్డు సంగతి కూడా చెప్పింది.

"ఇంత తింటూ బరువు పెరగడం లేదంటే, తిన్నది ఒంటికి పట్టడం లేదన్నమాట," అన్నారాయన. రక్తం తీశారు. వారం తర్వాత మళ్ళీ తీశారు. ఆ సోమవారం భానుతేజ స్కూలుకి వచ్చి చొక్కా చెయ్యి పైకి లాగి పెద్దింట్లమ్మకి చూపించాడు. మోచేతి మడతలో నల్లగా కమిలింది.

"రెండుసార్లు గుచ్చారు పెద్దమ్మా. ఒకసారి నరం దొరకలేదంట."

ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఊది, వరండాలోంచి లేచి వెళ్ళిపోయింది. బాత్రూముల వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఇవాళ చెప్పేస్తాను అనుకుంది. సాయంత్రం ప్రసన్నలక్ష్మి రాలేదు, సుధాకర్ గారు వచ్చారు. మగాయనతో ఎలా చెప్పడం అనుకుంది. మర్నాడు ప్రసన్నలక్ష్మే వచ్చింది గాని, ఈమె నోరు తెరవకముందే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలంటున్నారు పెద్దింట్లమ్మా. మత్తిస్తారట. గురువారం. వాడు నువ్వయితే మాట వింటాడు. నువ్వు కూడా మాతో రావా? నేను నాగరత్నం గారికి చెబుతాను."

ఆ రెండు రోజులూ వెంకన్న అడుగుతూనే ఉన్నాడు, ఏమైందే, తినవేంటి, మాట్లాడవేంటి అని. చివరికి చెప్పింది.

"గొట్టం వేశాక చెబుతావా, వేయకముందు చెబుతావా? ఏదో ఒకటి ఇప్పుడే అనుకో," అన్నాడు.

"వేయకముందే," అంది.

గురువారం పొద్దున్నే కారులో బయల్దేరారు. సుధాకర్ గారు నడుపుతున్నారు. ప్రసన్నలక్ష్మి ముందు సీట్లో కూర్చుని మెళ్ళో గొలుసు పట్టుకుని ఏదో జపం చేసుకుంటోంది. భానుతేజ వెనక పెద్దింట్లమ్మ ఒళ్ళో పడుకున్నాడు. జొన్నాడ వంతెన మీద గాలి చల్లగా కొట్టింది. కింద ఇసుకమేటలు, వాటి మధ్య సన్నటి నీళ్ళు. వంతెన దాటాక చెబుతాను అనుకుంది. దాటారు. వేమగిరి వచ్చాక అనుకుంది. అది కూడా దాటిపోయింది.

హాస్పిటల్లో చాలాసేపు కూర్చోబెట్టారు. పరీక్ష కోసం వాడికి పొద్దుటి నుంచీ ఏమీ పెట్టలేదు, నీళ్ళు కూడా. పక్క క్యాంటీన్లోంచి సాంబారు వాసన వస్తోంది. వాడు ఒళ్ళో కదిలి, పెద్దింట్లమ్మ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు.

"పెద్దమ్మా, ఆకలేస్తోంది. ఇడ్లీ పెట్టవా?"

ఆ ఆరు నెలల్లో వాడి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. వాడికి ఆకలేస్తుంది. అందరు పిల్లలకీ వేసినట్టే వేస్తుంది. కాసేపు కూర్చోనిచ్చి, వేడిగా పెట్టి, తొందరపెట్టకుండా ఉంటే తింటాడు. ఏ డాక్టరూ అక్కర్లేకుండానే ఆమెకి ఆ క్షణంలో అర్థమైపోయింది. ఆకలని అడుగుతున్న పిల్లాడికి పెట్టడానికి వీల్లేదు, అలా చేసింది తనే.

లోపలికి పిలిచారు. డాక్టరుగారు కాగితాలు తిరగేసి, చివరిసారి అన్నట్టు అడిగారు. "మధ్యాహ్నం తినిపించేది ఎవరమ్మా?"

"ఈవిడే అండి. మా వాడికి అమ్మ తర్వాత అమ్మ," అంది ప్రసన్నలక్ష్మి.

ఆయన పెద్దింట్లమ్మ వైపు తిరిగారు. "బాగా తింటాడా?"

భానుతేజ తలెత్తి ఆమె వంకే చూస్తున్నాడు. ఎక్కడ చెప్పేస్తుందో అని వాడి భయం. ఏసీ గది, తెల్లకోట్లు, పక్కన సుధాకర్ గారు.

"తింటాడండి," అంది పెద్దింట్లమ్మ.

నర్సు వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. వాడు ఏడుస్తూ తల్లిని కాదు, "పెద్దమ్మా" అనే పిలుస్తూ తలుపవతలికి వెళ్ళాడు. సుధాకర్ గారు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళారు. ఆడవాళ్ళిద్దరే చాలాసేపు బెంచీ మీద కూర్చున్నారు. ప్రసన్నలక్ష్మి ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"నువ్వు లేకపోతే నేనేమైపోదునో. వాడు ఆ మాత్రం తింటున్నాడంటే నీ చలవే."

పెద్దింట్లమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. బెంచీ మీంచి కిందికి జారి నేలమీద కూర్చుండిపోయింది.

"తినట్లేదమ్మగారూ. బాబు తినట్లేదు. స్కూలు తెరిచినప్పటినుంచీ తినట్లేదు. నేనే బాక్సు కడిగి పంపిస్తున్నాను. గుడ్డు కూడా తినలేదు. అబద్ధం చెప్పానమ్మగారూ."

ప్రసన్నలక్ష్మికి మొదట ఏమీ అర్థం కాలేదు. "ఏం తినట్లేదు?" అంది. అర్థమయ్యాక ఒక్క ఉదుటున లేచి, ఆ తలుపు రెండు చేతులతోనూ బాదింది. "ఆపండి, ఒక్క నిమిషం ఆపండి!" లోపలి నుంచి నర్సు తలుపు కొంచెం తీసింది.

"కంగారుపడకండమ్మా, అయిపోయింది. గొట్టం ఇప్పుడే బయటికి తీసేశారు."

కాసేపటికి డాక్టరుగారు వచ్చారు. "లోపలంతా బాగుందమ్మా. పరీక్షకి చిన్న ముక్క తీసి పంపించాం గాని, నాకేమీ తేడా కనపడలేదు," అన్నారు. ప్రసన్నలక్ష్మి ఆయనకి అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ పెద్దింట్లమ్మ వైపు చూడలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోప్పడతారనుకుంది పెద్దింట్లమ్మ. కోప్పడినా బాగుండేది.

"లోపలికి వెళ్ళకముందు అడిగాను కదమ్మా మిమ్మల్ని," అన్నారంతే.

భానుతేజ మెలకువ వచ్చాక గొంతు నొప్పని ఏడ్చాడు. సుధాకర్ గారికి తెలిసి, "ఆవిణ్ణి కారెక్కనివ్వను," అని అరిచారు. "ఎక్కనివ్వండి. ఊళ్ళో దింపేద్దాం," అంది ప్రసన్నలక్ష్మి. తిరిగి వచ్చేటప్పుడు పిల్లాడు తల్లి ఒళ్ళో ఉన్నాడు. పెద్దింట్లమ్మ తలుపుకి అతుక్కుపోయి కూర్చుంది. వంతెన మీద ప్రసన్నలక్ష్మి ముందుకే చూస్తూ ఒక్కమాట అడిగింది.

"పోనీ, రక్తం తీసినప్పుడైనా చెప్పాలనిపించలేదా నీకు?"

"అనిపించిందండి."

"అనిపించీ చెప్పలేదు."

"చెప్పలేదండి."



మర్నాడు పెద్దింట్లమ్మ ఎవరూ పిలవకముందే నాగరత్నం గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఇంకా ఎవరెవరి పిల్లలు తినడం లేదో కూడా చెప్పింది. ఆవిడ తలపట్టుకున్నారు.

"నాకు చెప్తే చెప్పావు, బయట అనకు. భానుతేజ వాళ్ళకి నేను సర్దిచెబుతాను. స్కూలు పరువు పోతుంది పెద్దింట్లమ్మా."

"పోతే నా పరువు పోతుందండి. మీరే చెయ్యమన్నారని ఎవరితోనూ అనను. కాని ఆ పిల్లలకి కూడా రేపు ఎవరైనా గొట్టాలు వేస్తే?"

బాక్సులు నిండుగా వెనక్కి వెళ్ళకూడదని తనన్న మాట నాగరత్నం గారికి గుర్తొచ్చి ఉండాలి. కళ్ళు దించుకున్నారు.

ఆ సాయంత్రం పెద్దింట్లమ్మ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క తల్లినీ పక్కకి పిలిచి చెప్పింది. మీ పాప పప్పు తినదండి. మీవాడు మొలకలు ఉమ్మేస్తాడండి. మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి. కొందరు నమ్మలేదు. ఒకావిడ, "మా అమ్మాయి తిండి నీ కోళ్ళకి పెట్టావా?" అని రోడ్డు మీదే నిలదీసింది. అవునంది. ఇంకొకావిడ ఏమీ అనకుండా తన కూతురి చెయ్యి పట్టుకుని దూరంగా లాక్కుంది. అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది ఆమెకి.

ఉద్యోగం తీసేయలేదు గాని, అన్నం తినిపించే పని తీసేశారు. ఆ పనిలో వెంకటదుర్గ అనే కొత్త ఆయాని పెట్టారు. పెద్దింట్లమ్మకి గదులు తుడవడం, బాత్రూములు కడగడం ఇచ్చారు. లంచ్ టైములో వరండావైపు రావద్దన్నారు. ఆమె ఎదురు చెప్పలేదు. వెంకన్న, "వేరే చోట చూసుకుందామే," అంటే, "ఇక్కడే చేస్తాను," అంది.

నెల తిరక్కుండా స్కూల్లో రెండు మార్పులు జరిగాయి. లంచ్ టైము మళ్ళీ పెంచారు. మిగిలింది మిగిలినట్టే బాక్సులో ఇంటికి పంపాలన్నారు; నక్షత్రం స్టాంపు తీసేశారు. ప్రసన్నలక్ష్మి కొన్నాళ్ళు మధ్యాహ్నం పూట తనే వచ్చి కొడుకు పక్కన చాపమీద కూర్చుంది. కొర్రలు మానేసి పెరుగన్నం, ముద్దపప్పు, నెయ్యి వేసిన వేడి అన్నం తెచ్చేది. వాడు చీమల్ని చూస్తూనే తినేవాడు. తల్లి చూడనిచ్చేది. సంక్రాంతి వెళ్ళేసరికి బుగ్గలు కొంచెం నిండాయి. ముక్క పరీక్షలో కూడా ఏ జబ్బూ లేదని వచ్చింది. కాని తెల్లకోటు కనపడితే చాలు, వాడు తల్లి వెనక దాక్కోవడం మొదలుపెట్టాడు. పంటి డాక్టరు దగ్గర కూడా నోరు తెరవలేదట. ఆ సంగతి పెద్దింట్లమ్మకి వెంకటదుర్గ చెప్పింది.

ఒక మధ్యాహ్నం ఆమె రెండో తరగతి గది తుడుస్తుంటే భానుతేజ ఒక్కడే లోపలికొచ్చాడు. మర్చిపోయిన వాటర్ బాటిల్ కోసం. బాటిల్ తీసుకుని వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నీకు తిట్లు పడ్డాయా?"

"పడ్డాయమ్మా."

"నేనేగా చెప్పమన్నాను, తిన్నానని. నా వల్లే కదా?"

పెద్దింట్లమ్మ చేతిలో మాపు కర్ర వదిలేసింది. ఇన్నాళ్ళూ ఆ ఏడేళ్ళ పిల్లాడు దీన్ని మోస్తున్నాడని ఆమెకి తట్టనే లేదు. వాడి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. దగ్గరికి తీసుకోబోయి, ఆ హక్కు తనకింకా ఉందో లేదో తెలియక ఆగిపోయింది.

"నీ వల్ల కాదు నాన్నా. నువ్వు చిన్నపిల్లాడివి, అడిగావు. పెద్దదాన్ని, నేను కాదనాలి. నీకు రెండుసార్లు సూది గుచ్చారే, ఆ గదిలోకి ఎత్తుకుపోయారే, అదంతా నా తప్పు. నీది కాదు. అమ్మనడిగినా ఇదే చెబుతుంది. అడుగు."

వాడు కాసేపు ఆలోచించాడు. "సరే," అని బాటిల్ ఊపుకుంటూ పరిగెత్తాడు.

వాడు నిజంగానే అడిగినట్టున్నాడు. రెండు రోజుల తర్వాత సాయంత్రం ప్రసన్నలక్ష్మి గేటు దగ్గర స్కూటీ ఆపి, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి పెద్దింట్లమ్మ వైపు తిరిగింది. స్కూటీ హ్యాండిల్ నిమిరింది.

"వాడికి చెప్పావంట. మంచిపని చేశావు."

పెద్దింట్లమ్మ తల వంచుకుంది.

"నిన్ను చూస్తే నాకింకా ఒళ్ళు మండుతోంది. దాచుకోను," అంది ప్రసన్నలక్ష్మి. "వాడి మీద చెయ్యి చేసుకున్న రోజు కూడా గుర్తొస్తుంది. అప్పుడు నామీద నాకే మండుతుంది."

భానుతేజ వచ్చి స్కూటీ ముందు ఎక్కి నిలబడ్డాడు. తల్లి వాడి బ్యాగు సర్ది, స్టార్ట్ చేయబోతూ, పాత అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఇవాళ బాగానే తిన్నాడా?"

అడిగాక తనే ఉలిక్కిపడింది. పెద్దింట్లమ్మ తలెత్తింది.

"చూళ్ళేదండి. నన్నటువైపు రానివ్వడం లేదు. బాక్సు తీసి చూసుకోండి."

ప్రసన్నలక్ష్మి తల ఊపి, అక్కడే బ్యాగు జిప్పు లాగి బాక్సు తీసింది. పెరుగన్నం కాస్త మిగిలింది. "ఇంతే కదా, ఇంటికెళ్ళి తినేస్తా," అన్నాడు భానుతేజ. ఆమె మూత పెట్టేసి స్కూటీ స్టార్ట్ చేసింది. వాళ్ళు కాలవ వంతెన దాటేదాకా చూసి, పెద్దింట్లమ్మ బాత్రూములు కడగడానికి లోపలికి వెళ్ళింది.